పూలు చల్లాక మిగిలిన ప్రశ్నలు

2019 డిసెంబర్ 6. షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన మీద నుంచి జనం పోలీసులపై పూలు చల్లారు. యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో అరెస్టయిన నలుగురూ ఆ తెల్లవారుజామునే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఇటు హైదరాబాద్‌లో మిఠాయిలు, టపాసులు. న్యాయం జరిగిపోయిందన్నారు. ఈ ఎన్‌కౌంటర్‌పై విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, మృతుల్లో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. ఆ రోజున్న హడావిడిలో పదో వంతు కూడా ఆ నివేదికకు దక్కలేదు.

అంతకంటే మమ్మల్ని కలవరపెట్టేది మరొకటుంది. వైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి, కూతురు ఇంటికి రాలేదని స్టేషన్‌కు పరుగెత్తిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ వచ్చింది. ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. స్టేషన్లు అలా ఎందుకు పనిచేస్తాయి, ఆమె కనిపించకుండా పోయిన తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర రాత్రిపూట ఆడవాళ్లకు రక్షణ ఎవరి బాధ్యత అన్న ప్రశ్నలు ఎన్‌కౌంటర్ కబురుతో వెనక్కి పోయాయి.

శిక్ష వద్దని మేం అనడం లేదు. శిక్షతోనే పని అయిపోయిందనుకోవడమే మా అభ్యంతరం. న్యూజిలాండ్‌లో 1989 నుంచి, పిల్లలు తప్పు చేస్తే రెండు వైపుల వారినీ కూర్చోబెట్టి నష్టాన్ని ఎలా పూడ్చాలో మాట్లాడిస్తున్నారు. ఐపీసీ స్థానంలో వచ్చిన మన భారతీయ న్యాయ సంహితలోనూ దాని ఛాయ ఉంది. 5 వేల రూపాయల లోపు సొత్తు తొలిసారి దొంగిలించి, తిరిగి ఇచ్చేసినవారికి జైలు బదులు సమాజ సేవ.

రచ్చబండ మీద పెద్దమనుషులు చేసేదీ ఇదే కదా అంటారేమో. కానే కాదు. అక్కడ చూసేది ఊరి పరువు, డబ్బున్నవాడి మొహం. ఎంతో కొంత ముట్టజెప్పి ఆడపిల్ల నోరు మూయిస్తారు. అత్యాచారం కేసుల్లో రాజీకి తావే లేదని సుప్రీంకోర్టు 2015లోనే తేల్చి చెప్పింది. ముందు మాట్లాడాల్సింది బాధితురాలు. ఎదుటివాడి మొహం చూడనంటే అదీ ఆమె ఇష్టమే.

ఆమెకు ఏం కావాలో అడిగే నాథుడేడీ? నేరస్థుడు దొరక్కపోయినా, బాధితులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం కోరవచ్చు. ఈ సంగతి ఎందరికి తెలుసు? ఎఫ్‌ఐఆర్ కాపీ చేతిలో పెట్టేటప్పుడే ఆ దరఖాస్తూ ఇచ్చి, నింపడానికి ఒక మనిషిని స్టేషన్‌లో కూర్చోబెట్టాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ రేపే ఆదేశాలు ఇవ్వగల పని ఇది.