‘లోపలే చూసుకుంటాం’ అనే హక్కు ఎవరిచ్చారు?

పిల్లల ఆశ్రమంలోనో, దివ్యాంగుల వసతి గృహంలోనో ఘోరం బయటపడ్డ ప్రతిసారీ నిర్వాహకులు చెప్పే మాట ఒకటే: ‘మాది చిన్న సంస్థ, ముందు లోపల విచారించుకుంటాం’. విశాఖలో ఈ మాట ఇక చెల్లకూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. విచారించి, నిజమని తేల్చుకున్నాకే రమ్మని అందులో ఎక్కడా లేదు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని పోలీసులకు చెప్పని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, జరిమానా. పదిమంది పిల్లలున్న ఇంటికైనా, వందమంది ఉన్న హాస్టల్‌కైనా ఇదే చట్టం.

ఒక్క తప్పుడు ఆరోపణతో ఏళ్ల సేవ మట్టిలో కలుస్తుందని నిర్వాహకులు భయపడతారు. ఆ భయం నిజమే కావచ్చు. కానీ సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు ఉండదని అదే చట్టం హామీ ఇస్తోంది. నిజానిజాలు తేల్చాల్సింది పోలీసులు, న్యాయస్థానం. కార్యదర్శి గారి గది కాదు.

ఆ గదిలో జరిగేదేమిటి? వార్డెన్, వంటమనిషి, కమిటీ పెద్దల మధ్య బిడ్డను నిలబెట్టి అడుగుతారు. ఆ బిడ్డ తినే కంచం, పడుకునే మంచం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మూడోసారి అడిగేసరికి మాట మారుతుంది. రేపు కోర్టులో నిందితుడి తరఫు వాదనకు ఆ మారిన మాటే ఆయుధం. ఈలోగా బిడ్డకు స్నానం చేయిస్తారు, బట్టలు ఉతికేస్తారు, సీసీ కెమెరా దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టె కొత్త రికార్డు కోసం పాతదాన్ని చెరిపేస్తుంది. అన్నిటికన్నా ఘోరం, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు ఘోరం జరిగిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. నాలుగు రోజులు ‘లోపల విచారించుకుంటే’ ఆ గడువు దాటిపోతుంది. సంస్థ పరువు కోసం బిడ్డ వైద్యాన్ని బలిపెట్టడమంటే ఇదే.

చేయాల్సింది కష్టమేమీ కాదు. బిడ్డ చెప్పేది ఒక్కరే వినాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. ‘ఫలానావాడేనా?’ అంటూ పేర్లు అందించకూడదు. చెప్పినదాన్ని బిడ్డ మాటల్లోనే, తేదీ, సమయంతో రాసి సంతకం చేయాలి. వెంటనే పోలీసులకు (112) చెప్పాలి, పిల్లల సహాయ నంబరు 1098కీ చెప్పొచ్చు. ఒంటిమీది బట్టలు పాలిథిన్ సంచిలో పెడితే చెమ్మకు పాడవుతాయి, కాగితం సంచిలో ఉంచాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని నిలదీయకుండా పిల్లల దగ్గరికి రానివ్వకుండా చూడాలి. మన దగ్గర జరిగేది తలకిందులు: అతను డ్యూటీలోనే ఉంటాడు, బిడ్డను ఊరికి పంపేస్తారు. బాధితులకు ప్రథమ చికిత్స, వైద్యం ప్రైవేటు ఆస్పత్రి కూడా తక్షణం ఉచితంగా అందించాల్సిందే. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దాకా వెళ్లేందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు ఎన్ని పిల్లల గృహాలకు అనుమతి ఉంది? గోడకు వేలాడే సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, దాతల విరాళాలకు పన్ను రాయితీ ఇచ్చే 80జీ పత్రం, స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం ఇచ్చే దర్పణ్ నంబరు చూపించి అన్నీ ఉన్నాయంటారు. పిల్లలను ఉంచుకోవడానికి ఇవేవీ చాలవు. 2015 బాల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద విడిగా నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే ఏడాది వరకు జైలో, లక్షకు తగ్గని జరిమానాయో, రెండూనో. దరఖాస్తు ఆలస్యమైన ప్రతి 30 రోజులూ మరో నేరం. 2024 ఆగస్టులో పొరుగున అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో అనుమతి లేని వసతి గృహంలో కలుషితాహారం తిని గిరిజన పిల్లలు ప్రాణాలు విడిచాకే అధికారులకు ఆ గృహం కనిపించింది.

సిబ్బంది ఎవరో తేల్చుకోకుండా తలుపులు తెరవడం మరో జబ్బు. పోక్సో నియమాలు 2020 ప్రకారం పిల్లలతో మెలిగే ప్రతి ఒక్కరికీ పోలీసు తనిఖీ ఒకసారితో సరిపోదు, ఎప్పటికప్పుడు జరగాలి. వారాంతంలో ట్యూషన్ చెప్పే వాలంటీరునూ, వ్యాను డ్రైవరునూ వదలకూడదు. పాత పనిచోటికి ఫోన్ చేసి ఎందుకు మానేశాడో అడగడానికి అయిదు నిమిషాలు పట్టదు. పుట్టినరోజు భోజనం పెట్టిన దాత పిల్లల ముఖాలను ఫేస్‌బుక్‌లో పెడుతుంటే నిర్వాహకులు పక్కన నిలబడి నవ్వుతారు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆ ఫొటోకు ఆరు నెలల జైలు లేదా రెండు లక్షల జరిమానా వరకు పడొచ్చు.

ఆశ్రమాల్లో ఉండే, పద్దెనిమిదేళ్లు దాటినవారి సంగతి మరీ అన్యాయం. మాట రాని, మతి స్థిమితం లేని స్త్రీ పురుషుల తరఫున తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలన్న కఠిన నిబంధన పోక్సో మాదిరిగా లేదు. అందుకే ‘లోపలే చూసుకోవడం’ అక్కడ ఇంకా సులువు. వేధింపుల మీద తహసీల్దారుకు ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. ఎందరికి తెలుసు? వృద్ధాశ్రమంలో ఒకటో తారీకున వచ్చే రూ.4,000 పింఛను ఎవరి జేబులోకి వెళుతోంది? ప్రతి చెల్లింపుకూ పుస్తకంలో వేలిముద్ర, బయటి సాక్షి సంతకం ఉండాలి. ఏటీఎం కార్డు, పిన్ను నిర్వాహకుల దగ్గర ఉంటే అది సంరక్షణ కాదు, దోపిడీ.

మూడు నెలలకోసారి ముగ్గురికి తగ్గని బృందం, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండి పిల్లల గృహాలను తనిఖీ చేయాలని బాల న్యాయ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. కలెక్టరేట్‌ను అడుగుతున్నాం: మధురవాడ నుంచి గాజువాక దాకా ఈ త్రైమాసికంలో ఎన్ని గృహాల్లోకి ఆ బృందం అడుగుపెట్టింది? నివేదికలను బయటపెట్టండి. నిర్వాహకులనూ అడుగుతున్నాం: పిల్లల ఫిర్యాదుల పెట్టె ఆఫీసు గదికి దూరంగా, వాళ్లు పడుకునే గదుల దగ్గర ఉండాలి, తాళం మేనేజ్‌మెంట్ కమిటీ అధ్యక్షుడి దగ్గర ఉండాలి, వారం వారం పిల్లల కమిటీ ముందు తెరవాలి. మీ పెట్టె తాళం వార్డెన్ నడుముకు వేలాడుతుంటే, రాత్రిపూట ఆ వార్డెన్‌కే భయపడే బిడ్డ అందులో చీటీ ఎలా వేస్తుంది?