అధికారంతో పాటు ఒక గుమాస్తానూ ఇవ్వండి

బడులకు పూర్తి స్వయంప్రతిపత్తి ఇస్తే ప్రధానోపాధ్యాయులకు ఊపిరాడుతుందన్న వాదనతో సగమే ఏకీభవిస్తాను. న్యూజిలాండ్ 1989లోనే ప్రాంతీయ విద్యా బోర్డులను రద్దు చేసి, బడులను ప్రధానంగా తల్లిదండ్రులు ఎన్నుకునే పాలకమండళ్లకు అప్పగించింది. నియామకాలు, బడ్జెట్, భవనాల బాగోగుల భారం ప్రిన్సిపాళ్ల మీద పడింది.

మా ప్రాథమిక పాఠశాల మరమ్మతులు తల్లిదండ్రుల కమిటీ ద్వారా చేయించినప్పుడు నాకూ అదే అనుభవం. సిమెంటు లెక్కలు, ఇసుక రవాణా, మేస్త్రీల కూలి, బిల్లుల ఫొటోలు! ఐదో తరగతికి భిన్నాలు చెప్పాల్సిన సమయంలో ఫోను పట్టుకుని ఇసుక లారీ కోసం ఎదురుచూసేవాణ్ణి. బడి బాగుపడింది, పిల్లల సంతోషం చూసి నా కడుపు నిండింది, కాదనను. కానీ రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ప్రాథమిక పాఠశాలలకు గుమాస్తా పోస్టే లేదు. ఆ లెక్కలన్నీ ఎవరు రాయాలి?