పొట్ట ఉబ్బితే చాలు, గ్యాసేనట!

మా ఆసుపత్రికి ఇప్పుడే ఇంకో రిఫరల్ చీటీ (రోగిని మా దగ్గరికి పంపుతూ కింది ఆసుపత్రి రాసే కాగితం) దిగింది. "గ్యాస్ నొప్పి. విరేచనం మందు ఇచ్చాం." అంతే! మనిషికేమో రెండు రోజులుగా దొడ్డికి లేదు, కింద నుంచి గాలి కూడా పోవడం లేదు, పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది.

దాన్ని సిగ్మాయిడ్ వాల్వులస్ అంటారు మహానుభావా! పెద్దపేగు చివరి భాగం మెలి తిరిగి రెండు వైపులా మూసుకుపోతుంది. దారి మూసుకున్నాక విరేచనం మందు పోస్తే ఎటు పోతుంది? లోపల ఒత్తిడి పెరిగి, రక్తం అందక పేగు నల్లబడుతుంది. ఒక్క ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు కాఫీ గింజ ఆకారంలో ఉబ్బిన పేగు కనపడుతుంది. పొట్ట చెక్కలా గట్టిపడితే నేరుగా ఆపరేషనే. లేకపోతే సిగ్మాయిడోస్కోప్‌తో (మలద్వారం గుండా పేగు లోపల చూసే గొట్టం) మెలిక విప్పి, గాలి బయటికి పోయే ఫ్లాటస్ ట్యూబు ఒకటి రెండు రోజులు ఉంచాలి. (ట్యూబుకి ఎదురుగా మాత్రం నిలబడకండి. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.) గాలి పోయింది కదా అని ఇంటికి పంపేవాళ్లకో దణ్ణం. చాలామందిలో అది మళ్లీ మెలి తిరుగుతుంది, ఆ భాగం కోసి తీసేయాల్సిందే.

అన్నిటికంటే ఒళ్లు మండేది పిల్లలు మింగే బటన్ బ్యాటరీ (వాచీల్లో వేసే, నాణెంలాంటి చిన్న బ్యాటరీ) సంగతి. "నాణెం మింగాడు, రేపు దొడ్లో వచ్చేస్తుంది" అట! ఎక్స్‌రేలో అంచు వెంబడి రెండో వలయం కనపడితే అది నాణెం కాదు. అన్నవాహికలో ఇరుక్కుంటే కరెంటు పారి క్షారం పుడుతుంది, 2 గంటల్లోనే లోపల కాలిపోతుంది. రేపటిదాకా ఆగేదేంటి? కక్కించకూడదు. ఏడాది దాటిన పిల్లలకి, మింగి 12 గంటలు కాకపోతే, తెచ్చే దారిలో 10 నిమిషాలకోసారి 10 మి.లీ. తేనె, మొత్తం ఆరు సార్లకి మించకుండా. తేనె పట్టాం కదా అని ఆగడం కాదు, బ్యాటరీ తీసేదాకా పరుగే.

ఇక పెద్దాసుపత్రి దొరలు! ఫోన్ ఎత్తగానే "సీటీ (స్కాన్) తీశారా?" అంటారు. ఇక్కడ సీటీ ఉంటే మీకెందుకు ఫోన్ చేస్తారండీ? తీరా డిశ్చార్జి కాగితంలో "ఆలస్యంగా పంపారు" అని మా మీదే ఒక వాక్యం.

కింది చిన్నాసుపత్రుల నుంచి మాకు పంపేవాళ్లూ తక్కువేం కాదు. పేగు మూసుకుపోయి వాంతులవుతున్న మనిషిని రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి దించి లోపలిది బయటికి లాగే గొట్టం) వేయకుండా, సెలైన్ పెట్టకుండా అంబులెన్సులో వెల్లకిలా పడుకోబెట్టి పంపుతారు. దారిలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే పేగు దాకా వెళ్లే పనే ఉండదు. ముక్కులో ట్యూబు దించడానికి కూడా సీటీ కావాలా?