నాచుకు ఇంత ముందుచూపు అవసరమా?

గోధుమరంగు సముద్రపు నాచు మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. దానికి మెదడు లేదు, నరాలు లేవు, కళ్లూ లేవు. అయినా సంతానం విషయంలో తొందరపడదు. అలలు సద్దుమణిగేదాకా ఆగుతుంది. ఓపిక మనుషుల సొత్తు కదా! మనం దాన్ని వాడం అనుకోండి, అది వేరే సంగతి.

చాలాకాలం దీన్ని చూసి నిపుణులు జాలిపడ్డారు. అండాల్నీ శుక్రకణాల్నీ నీళ్లపాలు చేసే జీవి, ఒక్క అల కొడితే అన్నీ చెల్లాచెదురు, ఇక ఫలదీకరణం ఏం జరుగుతుంది పాపం అనుకున్నారు. తీరా 1996లో బాల్టిక్ సముద్రంలోని ఫ్యూకస్ వెసిక్యులోసస్ అనే రకం మీద అధ్యయనం వచ్చింది. ఫలదీకరణం దాదాపు నూటికి నూరు! నీటి వేగం సెకనుకు సుమారు 20 సెంటీమీటర్ల లోపు ఉంటేనే అది అండాల్ని, శుక్రకణాల్ని వదులుతోంది. అప్పటిదాకా పడ్డ జాలిని ఎవరు వెనక్కి తీసుకోవాలో మాత్రం తేలలేదు.

అసలు నీళ్లు నిలకడగా ఉన్నాయని దానికి ఎవరు చెప్పారు? ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పగటి వెలుతురులో అది కిరణజన్య సంయోగక్రియ కోసం నీళ్లలో కరిగిన కార్బన్‌ను లాగేసుకుంటుంది. నీళ్లు కదులుతుంటే కొత్త సరుకు వస్తూనే ఉంటుంది. కదలకపోతే ఒంటిని అంటుకున్న పల్చటి నీటిపొరలో కార్బన్ అడుగంటుతుంది. తిండికి కటకట అయిందంటే సముద్రం శాంతించినట్టే అని నాచు లెక్క! పరిశోధకులు చెప్పే వివరణ ఇదే. కంచం ఖాళీ అయ్యాక పిల్లల్ని కనడానికి సిద్ధపడేవాళ్లను ఎవరైనా సమర్థిస్తారా?

తర్వాతి ఏర్పాట్లు చూస్తే ఇంకా కడుపుమంట. కొసల్లో ఉబ్బిన బుడిపెలు, వాటి మీద సన్నటి రంధ్రాలు. ఒక్కో అండకోశంలో 8 అండాలు. బయటికొచ్చి, విడిపోయి, మెల్లగా అడుగుకు దిగుతాయి. శుక్రకణాలు వెలుతురుకు వీపు చూపించి అదే అడుక్కి ఈదుతాయి. దగ్గరికొచ్చాక అండం వదిలే ఫ్యూకోసెరాటీన్ అనే రసాయనం జాడ పట్టుకుని చేరతాయి. ఒక అండంలోకి రెండు దూరితే పిండం బతకదు. అందుకని మొదటిది రాగానే అండం క్షణాల్లో తలుపేసుకుంటుంది. ఆఖరికి రద్దీ నియంత్రణ కూడా!

ఇందులో నిజంగా అన్యాయమైపోయింది అల. రోజంతా కార్బన్ మోసుకొచ్చి పెట్టేది అదే, అసలు వేడుకకు పిలుపు లేనిదీ దానికే. ఫలదీకరణం జరిగిన కణం కొన్ని గంటల్లో జిగురు ఊరించుకుని రాతిని కరుచుకుంటుంది. ఆ తర్వాత అల వచ్చి ఎంత కొట్టుకున్నా నాచుకు అభ్యంతరం లేదు. అల తన గోడు ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఏ అధ్యయనమూ పట్టించుకోలేదు.