బేర్ బ్యూట్‌కు బిరుదులు చాలు, అధికారం కావాలి

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ ఊరి పక్కన, గడ్డి మైదానంలో ఒంటరిగా లేచిన బేర్ బ్యూట్ కొండకు గౌరవాలకేం తక్కువ లేదు. 1961లో స్టేట్ పార్క్ చేశారు. 1981లో జాతీయ చారిత్రక స్థలం హోదా ఇచ్చారు. ఆ కొండను తరతరాలుగా కొలుస్తున్న లకోటా, షయాన్ అనే ఆదివాసీ తెగల ప్రజలకు మాత్రం అక్కడ ఒక్క రోడ్డును కూడా వద్దనే హక్కు ఇవ్వలేదు.

దూరం నుంచి చూసి చాలామంది దీన్ని చల్లారిన అగ్నిపర్వతం అనుకుంటారు. నిజానికి ఇది పేలలేదు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట శిలాద్రవం పైకి తన్నుకొచ్చి, నేలను చీల్చకుండానే పైనున్న పొరలను ఎత్తేసి, లోపలే గడ్డకట్టింది. ఆ మెత్తటి పొరలు వానకూ గాలికీ అరిగిపోయాక గట్టిరాయి బయటపడింది. అప్పుడు పైకి లేచిన పొరలు కొండ అంచుల్లో ఏటవాలుగా ఇప్పటికీ కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నేల కంటే 1,200 అడుగులకు పైగా ఎత్తు. ఇంకో కొండ అడ్డం లేని చోట అంత ఎత్తున్నది మైళ్ల దూరం నుంచే దారి చూపుతుంది. 1857లో తెల్లవాళ్ల రాకను ఎలా ఆపాలో తేల్చుకోవడానికి లకోటాలు పెద్ద సభ పెట్టుకున్నది ఇక్కడే. స్వీట్ మెడిసిన్ అనే ప్రవక్త నాలుగు పవిత్ర బాణాలను, ధర్మాన్ని అందుకున్నదీ ఈ కొండ మీదేనని షయాన్ల నమ్మకం.

ఆ తర్వాతి కథ తెలిసిందే. 1868 ఒప్పందంలో ఈ ప్రాంతమంతా లకోటాలదేనని అమెరికా ప్రభుత్వం సంతకం పెట్టింది. 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దండు, పక్కనే ఉన్న బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం ఉందని చాటింది. 1877లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ నేలను లాగేసుకుంది. అది అన్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు 1980లో తేల్చి, 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. తెగలు ముట్టుకోలేదు. వడ్డీతో అది 100 కోట్లు దాటినా ముట్టుకోవడం లేదు.

నన్ను ఎక్కువగా మండించేది 1982 కేసు. కొండ దగ్గర రోడ్డు, పార్కింగ్, సందర్శకుల కోసం వేదికలు కడుతుంటే తెగలు ఫెడరల్ కోర్టుకెళ్లాయి. ప్రార్థన కోసం కొండ మీద దీక్షలో ఉపవాసం ఉన్న మనిషి పక్కనే కెమెరాలు పట్టుకుని జనం నిలబడితే ఆ దీక్షకు అర్థమేముంటుంది? కోర్టు మాత్రం భూమి రాష్ట్రానిది కాబట్టి నిర్వహణ కూడా రాష్ట్రం ఇష్టమేనంది. 1983లో అప్పీలు కూడా పోయింది. ఇప్పుడు కొండెక్కే దారిలో చెట్ల కొమ్మలకు రంగురంగుల గుడ్డలు, పొగాకు కట్టిన చిన్న మూటలు వేలాడుతుంటాయి. మన గుడి చెట్టుకు కట్టే ముడుపుల్లాంటివే. వాటిని ముట్టుకోవద్దని పార్కువాళ్లు సందర్శకులను కోరతారు. అంతే, కోరతారు. ఆగస్టు వచ్చిందంటే 1938 నుంచి నడుస్తున్న స్టర్జిస్ బైక్ ర్యాలీకి లక్షల మంది దిగుతారు. ఆ హోరును ఆపే అధికారం తెగలకు లేదు. చమురు బావుల టెన్షన్ మొదలయ్యాక 2011లో ఈ కొండ దేశంలో ముప్పున్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ముప్పైఏళ్ల హోదా ఏం కాపాడినట్టు?

పార్కు అందరి సొత్తు, ఒక మతానికి ప్రభుత్వ భూమి మీద పెత్తనమిస్తే రాజ్యాంగం ఒప్పుకోదు అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ అది అందరి సొత్తు ఎప్పుడయింది, ఎలా అయింది? ఒప్పందం చింపేశాక!

ఇక్కడే మన దేశం గుర్తొస్తుంది. ఒడిశాలో నియమగిరి బాక్సైట్ గనుల విషయం గ్రామసభలే తేల్చాలని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి, తవ్వకం ఆగింది. గిరిజన ప్రాంతాల్లో భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదంటూ, బొర్రా ప్రాంతపు గనుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు మనవాళ్లకు కొత్త కాదు. మన దగ్గర గిరిజనులకు అంతా సవ్యంగా జరుగుతోందని నేననను, ఆ తీర్పులకు తూట్లు పొడిచే పని రోజూ సాగుతూనే ఉంది. అయినా నియమగిరి గిరిజనులైన డోంగ్రియా కోంధుల కొండను కాపాడింది హోదా కాదు, ‘వద్దు’ అన్నప్పుడు చెల్లుబాటయ్యే అధికారం.

బేర్ బ్యూట్ మీద, చుట్టుపక్కల ఏం కట్టాలన్నా, ఏం తవ్వాలన్నా తెగల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి అని దక్షిణ డకోటా శాసనసభ చట్టం చేయాలి. అలాంటి చట్టమేదీ లేకపోబట్టే, కొన్ని తెగలు ఒకప్పటి తమ నేలనే కొండ చుట్టూ ముక్కలు ముక్కలుగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.