ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేనట్టేనా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష నార్మల్ వస్తే పిల్లలకు మూర్ఛ లేనట్టేననీ, వాడుతున్న మందులు ఆపేయవచ్చుననీ, ఎంఆర్ఐ తీయించాక ఈఈజీ అక్కర్లేదనీ, పైగా తలకు కరెంటు పెట్టే ఆ పరీక్ష ఐదేళ్లలోపు పిల్లలకు చేయించకూడదనీ దాని సారాంశం. ఇందులో ఏ ఒక్క మాటా నిలవదు.

మొదటిది నార్మల్ రిపోర్టు సంగతి. మామూలు ఈఈజీ 20 నుంచి 30 నిమిషాల పాటు మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను నమోదు చేస్తుంది. మూర్ఛను సూచించే అలలు ఆ అరగంటలోనే బయటపడాలన్న నియమం లేదు. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు సగం మందికి మొదటి ఈఈజీలో అవి కనిపించవు. రోలాండిక్ అనే రకం మూర్ఛ ఉన్న పిల్లల్లో అవి నిద్రలోనే ఎక్కువవుతాయి కనుక, రాత్రి తక్కువసేపు పడుకోబెట్టి, తలకు నూనె రాయకుండా తీసుకురమ్మని వైద్యులు చెబుతారు. అసలు నిర్ధారణకు పునాది ఫిట్స్‌ను కళ్లారా చూసినవారు చెప్పే వివరం. ఈఈజీ దానికి బలం చేకూరుస్తుంది, మూర్ఛ ఏ రకానిదో తేలుస్తుంది.

రకం తేలడం ఎంత ముఖ్యమో, కొన్ని సెకన్లు స్పృహ తప్పి చూపు నిలిచిపోయే ఆబ్సెన్స్ మూర్ఛలో తెలుస్తుంది. తరగతిలో పరాకుగా ఉంటుందని పంతులమ్మ చేత తిట్లు తినే పిల్లకు ఈఈజీ తీసేటప్పుడు టెక్నీషియన్ ఒక కాగితపు గాలిచక్రం ఇచ్చి, మూడు నిమిషాలు ఆపకుండా ఊదమంటారు. ఊదుతూ ఊదుతూనే ఆ పిల్ల ఆగిపోతుంది, చూపు నిలిచిపోతుంది, తెరమీద సెకనుకు మూడు చొప్పున మొనదేలిన అలలు బారులు తీరతాయి. కొన్ని సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ ఊదుతుంది. కొన్ని ఇతర రకాల మూర్ఛలకు బాగా పనిచేసే కార్బమజెపిన్ అనే మందు ఈ రకాన్ని ఇంకా పెంచగలదు.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది మందులు ఆపేయమన్న సలహా. ఆడపిల్ల పేరు మీద మూర్ఛ అన్న మాట పడకూడదన్న భయంతో నార్మల్ రిపోర్టును పట్టుకుని మాత్రలు మాన్పించే కుటుంబాల బాధ నాకు అర్థమవుతుంది. కానీ హఠాత్తుగా ఆపితే ఎడతెగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. సాధారణంగా రెండేళ్ల పాటు ఫిట్స్ రాకపోతే, అప్పుడు వైద్యులే మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏనాడూ ఫిట్స్ రాని ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ కొద్దిమందికి ఈఈజీలో అటువంటి అలలు కనిపిస్తాయి. కేవలం రిపోర్టు చూసి మందు మొదలుపెట్టడమూ తప్పే. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల వయసులో జ్వరంతో వచ్చి, కొద్ది నిమిషాల్లో తగ్గిపోయే మామూలు ఫిట్స్‌కు ఈఈజీ అవసరం ఉండదు.

ఎంఆర్ఐ మెదడు ఆకృతిని చూపుతుంది, ఈఈజీ దాని పనితీరును చూపుతుంది. బద్దెపురుగు తిత్తులు, పుట్టుకతో వచ్చిన లోపాలు, పాత గాయపు మచ్చలు స్కాన్‌లో దొరుకుతాయి. ఆబ్సెన్స్ మూర్ఛలో స్కాన్ సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది.

కరెంటు మాట పూర్తిగా అబద్ధం. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేసిన నాటి నుంచి ఈ పరీక్ష చేసేది ఒక్కటే: వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచే సంకేతాలను తలపై నుంచి అందుకోవడం. లోపలికి ఏమీ పంపదు. అప్పుడే పుట్టిన బిడ్డలకూ చేస్తారు.

ఐదేళ్లు ఆగమన్న మాట వల్ల ఎక్కువగా నష్టపోయేది పసికందులే. సుమారు మూడు నెలల నుంచి ఏడాది లోపు వయసులో, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే, తల ముందుకు వాల్చి, చేతులు చాచి, వరుసగా ముడుచుకుపోయే బిడ్డను చూసి ఇంట్లో పెద్దలు కడుపునొప్పి అనో, ఉలికిపాటు అనో అనుకుంటారు. 1841లోనే ఇంగ్లండ్‌లో విలియం వెస్ట్ అనే వైద్యుడు తన సొంత బిడ్డలో చూసి వర్ణించిన ఈ రకం మూర్ఛను (వెస్ట్ సిండ్రోమ్) ఈఈజీలోని గజిబిజి పెద్ద అలలు పట్టిస్తాయి. చికిత్స కొన్ని వారాలు ఆలస్యమైనా బిడ్డ ఎదుగుదలకు దెబ్బ తగలవచ్చు కనుక, అటువంటి కదలికలు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి, వెంటనే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రిలోని పిల్లల వైద్యులకు చూపించి, ఈఈజీ ఎప్పుడు తీస్తారో అడగండి.