ఎస్‌ఏఆర్ అంకె ఒక్కటే చూస్తే చాలదు
ఎస్‌ఏఆర్ (ఫోన్ రేడియేషన్‌ని మన ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె) తక్కువున్న ఫోన్ కొంటే రేడియేషన్ టెన్షన్ అక్కర్లేదని ఒక వ్యాసంలో రాశారు, ఆ మాట నేను ఒప్పుకోను. మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి ఎస్‌ఏఆర్ పరిమితి ఒంటి కణజాలం కిలోకు 1.6 వాట్లు, మంచిదే. కానీ ఒక్కో ఫోన్‌కి ఇచ్చే ఎస్‌ఏఆర్ అంకె ఆ ఫోన్ పూర్తి పవర్‌తో పనిచేస్తున్నప్పుడు కొలిచింది. రోజూ మన ఒంటికి తగిలేది సిగ్నల్‌ని బట్టి మారుతుంది. మా ఉదయగిరి కొండ పక్క పల్లెల్లో ఒక్క గీతే వస్తుంది, టవర్‌ని అందుకోవడానికి ఫోన్ పవర్ పెంచుకుంటుంది. అలాంటి చోట స్పీకర్ పెట్టి మాట్లాడటమే మేలు. ఆ వ్యాసంలో రాని సంగతి ఇంకొకటి. మా నాయనకి పేస్‌మేకర్ (గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పరికరం) ఉంది, ఫోనేమో ఎప్పుడూ ఎడమవైపు చొక్కా జేబులోనే. పేస్‌మేకర్‌కి ఫోన్‌ని 15 సెంటీమీటర్ల దూరం ఉంచాలన్న హెచ్చరిక ఫోన్ సెట్టింగ్స్‌లో, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నోటీసుల పక్కన ఇంగ్లీషులో ఉంది. అది పెట్టె మీదే తెలుగులో అచ్చువేయాలి.